నేను దాచిన వరస

ఆ సోమవారం మీటింగులో నేను అనవలసింది చాలా చిన్న మాట. "ఆ అంకె వేసింది నేను" అనాలి, అంతే. అనలేదు. అని ఉంటే మహా అయితే ఒక గంటసేపు తల దించుకుని కూర్చునేవాణ్ణి. అనకపోవడం వల్ల ఒకమ్మాయి ఉద్యోగం పోయింది, పేరు కూడా పోయింది. మూడేళ్ళుగా ఈ సంగతి నాకు నేను రకరకాలుగా చెప్పుకుంటూ వచ్చాను. బిల్లులు ఆలస్యంగా వచ్చాయనుకున్నాను, పద్ధతిలో లోపం అనుకున్నాను, అందరి బాధ్యతా ఉంది కదా అనుకున్నాను. ఇక్కడ జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేను గుర్‌గావ్‌లో ఒక ఆన్‌లైన్ దుకాణానికి లెక్కలు చూసేవాణ్ణి. పానిపట్టులో నేయించిన దుప్పట్లు, కర్టెన్లు, చలికాలం వస్తే దూది కూరిన రజాయిలు అమ్మేవాళ్ళం. యజమాని అక్కడి వ్యాపారి కొడుకు, నాకంటే పదేళ్ళు చిన్న. నాది తెనాలి. నా భార్యకి కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగం రావడంతో ఢిల్లీ వచ్చి ద్వారకలో ఉండిపోయాం.

ప్రతి సోమవారం పదకొండింటికి మీటింగు. ఒక్కో టీమూ తన అంకె పట్టుకొచ్చేది. ప్రకటనల మీద రూపాయి పెడితే ఎన్ని రూపాయల ఆర్డర్లు వచ్చాయో మార్కెటింగు వాళ్ళు చెప్పేవాళ్ళు. ఆర్డరు పడ్డాక ఎన్ని గంటల్లో పెట్టె గడప దాటిందో గోడౌను వాళ్ళు చెప్పేవాళ్ళు. కొన్న ధరకీ అమ్మిన ధరకీ ఎంత తేడా ఉందో సరుకు కొనేవాళ్ళు చెప్పేవాళ్ళు. ఎవరి అంకె చూసినా బాగుండేది. నెలాఖరున నేను లెక్క తేలిస్తే మాత్రం నష్టం.

రజాయిల సంగతే చెబుతాను. సరుకు కొనేవాళ్ళు లావు రజాయిలు ఒకేసారి ఎక్కువ తీసుకుని ధర తగ్గించారు. వాళ్ళ అంకె పెరిగింది. గోడౌను వాళ్ళు వాటిని మడిచి కుక్కడానికి టైము పడుతుందని పెద్ద పెట్టెల్లో పడేసి గబగబా పంపారు. వాళ్ళ అంకె కూడా పెరిగింది. కొరియర్ వాళ్ళు తేలికైన సరుకుకి బరువు బట్టి కాకుండా పెట్టె సైజు బట్టి డబ్బు తీసుకుంటారు. పెట్టెలో ఉన్న గాలికి కూడా మేం కిరాయి కట్టాం. ఆ ఖర్చు ఏ టీము అంకెలోనూ లేదు.

"అందరూ గెలుస్తున్నారు, నేనొక్కణ్ణే ఓడిపోతున్నాను" అన్నాడు యజమాని హిందీలో. అని, నా వైపు తిరిగి, "భాయ్‌సాబ్, వీళ్ళందరికీ ఒకే అంకె ఇవ్వండి" అన్నాడు.

నాకు అంతకు మించిన పని దొరకదనిపించింది. రెండు నెలలు ఒక్కో టీము దగ్గర కూర్చున్నాను. కొనుగోలుదారు కట్టిన డబ్బులో పన్ను, సరుకు ధర, పెట్టె, కొరియర్, ప్రకటన, వాపసుల ఖర్చు తీసేస్తే ఆర్డరు మీద చివరికి మన చేతిలో ఎంత ఉంటుందో అదే అందరి అంకె అన్నాను. దానికి మిగులు అని పేరు పెట్టాను. ఆఫీసులో హిందీవాళ్ళు కూడా "మిగులూ కిత్‌నా హై" అని అడగడం మొదలుపెట్టారు. నాకు గర్వంగా ఉండేది.

ఆ లెక్కల షీటు అందరూ ఆన్‌లైన్‌లో తెరిచి చూసుకునేవాళ్ళు. అందులో ఒక వరసతోనే చిక్కు వచ్చింది. అది వాపసుల ఖర్చు. తిరిగొచ్చిన పార్సిళ్ళకి కొరియర్ వాళ్ళ బిల్లు నెలన్నర ఆలస్యంగా వచ్చేది. అంతవరకూ ఆగలేక, పాత నెలలు చూసి ఆర్డరుకి నలభై రూపాయలని వేశాను. ఆ నెలల్లో మా కొనుగోలుదారులంతా పెద్ద ఊళ్ళవాళ్ళు, ముందే డబ్బు కట్టేవాళ్ళు, సరుకు వెనక్కి పంపింది తక్కువ. నెల నెలా ఆ నలభై మారుస్తానని పక్కన "తాత్కాలికం" అని రాసుకున్నాను.

యజమాని షీటు ఫోన్లో చూసేవాడు. వరసలు ఎక్కువై కిందికి జరపలేక చిరాకు పడేవాడు. ఆయన సౌకర్యం కోసం కొన్ని వరసలు కనబడకుండా ముడిచేశాను. నలభై ఉన్న వరస కూడా అందులో పోయింది. కంటికి కనబడనిది నెల నెలా గుర్తు ఉండలేదు. మొదట్లో నిజంగానే గుర్తు లేదు. ఆ తరవాత సంగతి వేరు.

మార్కెటింగు చూసే అమ్మాయిది కరీంనగర్. సివిల్స్ రాయడానికి ఢిల్లీ వచ్చి ఓల్డ్ రాజిందర్ నగర్‌లో కిటికీ లేని గదిలో ఉండి నాలుగుసార్లు రాసింది. రెండుసార్లు మెయిన్స్ దాకా వెళ్ళింది. తరవాత మా దగ్గర చిన్న ఉద్యోగంలో చేరి, ప్రకటనల పని నేర్చుకుని, రెండేళ్ళలో ఆ టీముకి పెద్దయింది. ఇంట్లో మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదని చెప్పేది. "ఢిల్లీల ఏం జేస్తున్నవ్ అంటే రజాయిలు అమ్ముతున్న అని చెప్పాలె సార్. మా బాపు చుట్టాలకు ఆఫీసర్ అనే చెప్తుండు. ఈ కొలువుల ఏమన్న చేసి చూపిస్తే గా అబద్ధం నిజమైతది."

సరుకు కొనే పంజాబీ ఆయన ఆమెని ఏడిపించేవాడు. కలెక్టరు అవుదామని వచ్చి రజాయిలు అమ్ముకుంటోంది మేడమ్, అనేవాడు. "మీరు కొన్న రజాయిలు అమ్మాలంటే కలెక్టరు బుర్రే కావాలి భయ్యా" అనేది ఆమె. ఆయనే ముందు నవ్వేవాడు.

ఆ చలికాలానికి ముందు ఆమె చిన్న ఊళ్ళలో అమ్మాలని ప్లాను తయారు చేసింది. అక్కడివాళ్ళు ముందు డబ్బు కట్టరు, సరుకు గుమ్మంలోకి వచ్చాకే నోట్లు చేతిలో పెడతారు. షీటు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, మిగులు మంచిగనే కనవడ్తుంది. కానీ ఇవన్నీ క్యాష్ ఆన్ డెలివరీ. ఇంటికాడ తీస్కోకుంటే వాపస్ వస్తయి గద. గా ఖర్చు ఇండ్ల ఉన్నదా?"

"ఉందమ్మా."

"మొత్తం ఉన్నదా? ఉన్నదంటే రేపటిసంది ఖర్చు డబుల్ చేస్త."

"అన్నీ చూసుకునే పెట్టాను. నువ్వు ధైర్యంగా వెళ్ళు."

"మీ మాట మీద పోతున్న సార్, యాదుంచుకోండ్రి" అని నవ్వుతూ వెళ్ళింది.

ఆ క్షణంలో ఆ నలభై నాకు గుర్తొచ్చింది. పిలిచి ఆగమని చెప్పొచ్చు. పిలవలేదు. ముందురోజే యజమాని నన్ను అందరిముందూ మెచ్చుకున్నాడు. ఇప్పుడు లెక్క మళ్ళీ తీస్తే మిగులు పడిపోతుంది, నా అంకె మీద అందరికీ అనుమానం వస్తుంది. వచ్చేవారం చూద్దాంలే అనుకున్నాను.

మూడువారాల తరవాత గోడౌనుకి వెళ్ళాను. మానేసర్ దాటాక పొలాల మధ్య పెద్ద రేకుల షెడ్డు. వెనకవైపు గోడ పొడుగునా తిరిగొచ్చిన పార్సిళ్ళు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. మూట విప్పిన రజాయిని మళ్ళీ కొత్తదని అమ్మలేం. ఉతికి, ఇస్త్రీ చేసి, సగం ధరకి సెకండ్స్‌గా పంపాలి. గోడౌను చూసే హరియాణా పెద్దాయన నా పక్కన నిలబడి, "జానే వాలీ గాడీ ఛోటీ హై సాబ్, ఆనే వాలీ బడీ" అన్నాడు. పంపే బండి చిన్నది, వెనక్కి తెచ్చే బండి పెద్దది అని. ఇల్లు తాళం వేసి ఉందనీ, కోడలు చెప్పకుండా తెప్పించిందని అత్తగారు వద్దన్నదనీ, ఫొటోలో రంగు వేరే ఉందనీ పార్సిళ్ళ మీద కొరియర్ వాళ్ళు రాసిన కారణాలు చదివాను.

కారెక్కాను. ఆ సాయంత్రమే ఫోన్ చేసి ప్రకటనలు ఆపమని ఆమెకి చెప్పి ఉంటే నష్టం అక్కడితో ఆగేది. చెప్పకుండా రోజూ షీటు తెరిచి, ఆ వరస విప్పి చూసి, మళ్ళీ ముడిచేవాణ్ణి. కుర్చీలో కుదురుగా ఉండలేక టీ మిషను దగ్గరికి వెళ్ళేవాణ్ణి, కప్పు నింపుకుని తాగకుండానే తిరిగొచ్చేవాణ్ణి. మెట్రోలో ఒకసారి నా స్టేషను దాటి రెండు స్టేషన్లు పోయాక గాని తెలియలేదు. బిల్లు వచ్చేసరికి ఏదో ఒకటి సర్దుకుంటుందని కాచుక్కూర్చున్నాను.

బిల్లులు వచ్చాయి. వాపసుల ఖర్చు నలభై కాదు, దానికి మూడింతలకు పైగా తేలింది. చలికాలం మొత్తం మీద, ఎంత ఎక్కువ అమ్మితే అంత ఎక్కువ పోగొట్టుకున్నాం.

సోమవారం మీటింగులో యజమాని కాగితాలు బల్ల మీద పడేసి హిందీలో అడిగాడు. "ఈ ఆర్డర్లలో లాభం ఉందని ఎవరు చెప్పారు?"

అందరూ ఆమె వైపు చూశారు. ఖర్చు పెట్టింది ఆమె.

"షీట్ మే తో దిఖ్ రహా థా సర్" అంది ఆమె. షీటులో లాభం కనబడిందని చెప్పి నా వైపు చూసింది. ఒక్కసారే చూసింది.

నేను అనవలసింది అనలేదు. పైగా అనకూడనిది అన్నాను. "షీటు ఒక అంచనా మాత్రమే" అని ఇంగ్లీషులో అన్నాను. "ఖర్చు పెట్టేముందు ఎవరి టీము వాళ్ళు సరిచూసుకోవాలి."

యజమాని తల ఊపాడు. ఆ వారంలోనే ఆమె చేత రాజీనామా రాయించుకున్నారు. వెళ్ళే రోజు లిఫ్టు దగ్గర ఎదురుపడింది. చేతిలో ఒక సంచీ ఉంది.

"పోయొస్త సార్."

"ఏదైనా అవసరమైతే చెప్పమ్మా" అన్నాను.

"చెప్పాల్సింది మీరే సార్" అంది. లిఫ్టు తలుపు మూసుకుంది.

ఆమె వెళ్ళిన మర్నాడే ఆ వరస విప్పి అంకె సరిచేశాను. బిల్లు కోసం ఆగకుండా, గోడౌనుకి తిరిగొచ్చిన పార్సిళ్ళు లెక్కపెట్టి వారం వారం మార్చే ఏర్పాటు చేశాను. ప్రతి టీము బోనస్‌లో సగం మిగులు మీద ఆధారపడేలా చేశాం. అప్పటి నుంచి హరియాణా పెద్దాయన రజాయిల్లో గాలి తీసి సంచుల్లో బిగించడం మొదలుపెట్టాడు. పంజాబీ ఆయన పలచని రజాయిలు వెతికాడు. మార్కెటింగు వాళ్ళు నోట్ల ఆర్డరు పంపేముందు ఫోన్ చేసి "నిజంగా కావాలా" అని అడగసాగారు. అమ్మకాలు మెల్లగా పెరిగాయి, ఈసారి లాభంతో పెరిగాయి. పేరు నాకొచ్చింది. జీతమూ పెరిగింది.

ఆ రోజుల్లోనే నోయిడాలోని ఒక కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఆమెని ఉద్యోగంలోకి తీసుకోబోతున్నారు, ఆమె నా పేరు రిఫరెన్సుగా ఇచ్చింది. ఫోన్ చేసినావిడ, ఖర్చు విషయంలో ఆమె ఎలా ఉంటుందని అడిగింది.

నా పేరు ఇచ్చిందంటే నాకు ఇంకొక అవకాశం ఇచ్చిందన్నమాట. అప్పుడా ఆలోచన రాలేదు. ఆమె తప్పు లేదంటే ఎవరి తప్పని అడుగుతారేమోనన్న భయం ఒక్కటే వచ్చింది.

"కష్టపడే మనిషి" అన్నాను. "కాకపోతే బడ్జెట్ దగ్గర కాస్త దూకుడు. పైన ఒకరు చూసుకుంటూ ఉండాలి."

అచ్ఛా, థాంక్యూ సర్, అని ఆవిడ పెట్టేసింది. ఆ ఉద్యోగం ఆమెకి రాలేదని, రాజిందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో జవాబు పత్రాలు దిద్దుతోందని కొన్నాళ్ళకి ఆఫీసులో ఎవరో అంటే విన్నాను.

పోయిన ఏడాది గ్రేటర్ నోయిడాలో ఒక మేనేజ్‌మెంట్ కాలేజీలో మాట్లాడమని యజమాని నన్ను పంపాడు. టీములన్నిటినీ ఒకే అంకె మీదికి ఎలా తెచ్చామో చెప్పాను. రజాయిల కథ చెబితే బాగా నవ్వారు. చివర్లో ఒక విద్యార్థిని లేచి అడిగింది. "సర్, ఆ ఒక్క అంకే తప్పయితే? మీ దగ్గర ఎప్పుడైనా తప్పయిందా? ఎవరు జవాబు చెప్పారు?"

"మనుషుల్ని కాదు, సిస్టమ్‌ని బాగుచేసుకోవాలి" అన్నాను. ముందు వరసలో వాళ్ళు ఆ మాట నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. వాళ్ళు రాసుకుంటుంటే చూడలేకపోయాను. భోజనం చేసి వెళ్ళమంటే పని ఉందని చెప్పి వచ్చేశాను.

ఆ తరవాత ఇంట్లో కూడా కుదురు లేదు. ఆదివారం పొద్దున్న బాల్కనీలో అటూ ఇటూ తిరుగుతుంటే నా భార్య పేపరు మడిచి, "ఏమండీ, కాస్త కూర్చోండి, నాకు కళ్ళు తిరుగుతున్నాయి. ఏం జరిగింది?" అంది. మొత్తం చెప్పాను. నోయిడా ఫోన్ సంగతి తప్ప.

ఆమె పేపరు పక్కన పెట్టింది. తరవాత అంది: "మా ఆఫీసులో ఫైలు కదలాలంటే నోట్ రాసినవాడు కింద సంతకం పెట్టాలి. ఇరవై ఏళ్ళ తరవాత తెరిచినా ఎవరు ఏం రాశారో ఉంటుంది. మా పద్ధతి చూసి మీరు నవ్వుతారు. మీ అంకె కింద సంతకం ఎవరిది?"

"నాదే."

"పెట్టండి మరి."

సోమవారం మీటింగుకి ముందు యజమాని గదికి వెళ్ళి చెప్పాను. ఆయన ఫోన్ పక్కన పెట్టి విన్నాడు. "అబ్ క్యా ఫరక్ పడ్‌తా హై, భాయ్‌సాబ్. ఛోడో" అన్నాడు. ఇప్పుడు తేడా ఏముంది, వదిలెయ్యండి, అని. వదల్లేనన్నాను. అప్పటి ఆ మీటింగులో ఉన్నవాళ్ళందరికీ, ఆ కరీంనగర్ అమ్మాయికి కూడా, ఒక మెయిల్ రాశాను. అంకె వేసింది నేను, దాచింది నేను, తప్పని తెలిసి బిల్లులు వచ్చేదాకా ఊరుకున్నది నేను, ఆమె అడిగితే సరిగ్గా ఉందని చెప్పిందీ నేనే అని రాశాను. పంజాబీ ఆయన ఒక్కడే జవాబిచ్చాడు. "నేను కూడా ఆమె వైపే చూశాను ఆ రోజు" అని. అంత రాసినా నోయిడా ఫోన్ సంగతి అందులో లేదు. వేలు అక్కడికి వచ్చేసరికి ఆగిపోయింది.

శనివారం ఆమెకి ఫోన్ చేసి, రావచ్చా అని అడిగి, ఓల్డ్ రాజిందర్ నగర్ వెళ్ళాను. కోచింగ్ సెంటర్ కింద టీ కొట్టు. చుట్టూ పిల్లలు నిలబడి జిరాక్స్ నోట్సు పట్టుకుని వాదించుకుంటున్నారు. ఆమె ఎర్రపెన్ను చేతిలోనే పట్టుకుని కిందికి వచ్చింది. జుట్టులో ఒకటి రెండు తెల్లవెంట్రుకలు కనబడ్డాయి.

"మెయిల్ చూసిన సార్" అంది. "నాకు ఎర్కనే."

"ఏం తెలుసు?"

"మీటింగు కాంగనే షీటు తెరిచి దాచిన వరసలన్నీ విప్పిన. ఎవరు ఎప్పుడు వేసిన్రో అండ్లనే వస్తది గద."

"మరి ఎందుకు చెప్పలేదమ్మా?"

"నేను చెప్తే నన్ను నేను కాపాడుకున్నట్టుంటది. మీరు చెప్తరని చూసిన. వారం రోజులు చూసిన." టీ గ్లాసు నా వైపు జరిపింది. "అయిపోయిందేదో అయిపోయింది, తాగుండ్రి. మీరు ఇంత దూరం వచ్చిన్రు, అది చాలు. నాకు ఒక్కటే సమజ్ కాలే. నోయిడాల ఒక కంపెనీ, ఇంటర్వ్యూ మంచిగయింది. జీతం కూడ మాట్లాడిన్రు. తర్వాత చప్పుడు లేదు. నేనేం తప్పు మాట్లాడిన్నో అని ఇప్పటికీ ఆలోచిస్త. ఎప్పుడన్న ఇంటర్వ్యూకు పోవాలంటే గదే యాదికొస్తది. అందుకే యాడికీ పోలే."

ఆమె నా ముఖంలోకి చూడటం లేదు. గ్లాసులో టీ చల్లారిందేమోనని చూస్తోంది. చెప్పకపోతే ఆమెకి ఎప్పటికీ తెలియదు. అప్పటికే నన్ను సగం మన్నించేసింది. లేచి వెళ్ళిపోవచ్చు. కాళ్ళు అందుకే తయారుగా ఉన్నాయి కూడా.

"నువ్వేం తప్పు మాట్లాడలేదమ్మా" అన్నాను. "వాళ్ళు నాకు ఫోన్ చేశారు. ఖర్చు దగ్గర నీకు దూకుడెక్కువని, నీ మీద ఒకరు ఉండాలని నేను చెప్పాను. నిజం కాదని తెలిసే చెప్పాను. నన్ను కాపాడుకోవడానికి చెప్పాను. ఇది మెయిల్లో రాయడానికి కూడా ధైర్యం చాలలేదు. ఇవాళే వాళ్ళకి రాస్తాను, నువ్వు చూసి సరేనన్నాకే పంపుతాను. నీ మూడేళ్ళు మాత్రం నేను తిరిగి ఇవ్వలేను. నీకు అన్యాయం చేశాను. నన్ను క్షమించమ్మా."